కరస్థలమున నిలిచిన వెలుగు



'మనస్సునకు శాంతి లేదు' అను మాట వినబడని యిల్లు నేడు లేదు. రైతు వానకై చింతించుచున్నాడు. ఉద్యోగి పై అధికారికి వెరచుచున్నాడు. ఇల్లాలు పిల్లల పరీక్షలను, నెలాఖరు ఖర్చులను ఒక్క తలపై మోయుచున్నది. పట్టణములలో శాంతిని బోధించు శిబిరములు వెలసినవి. రుసుము చెల్లించి వాటికి పోవువారిని నేను నిందింపను. దప్పిగొన్నవాడు నీరున్న చోటికి పోవును. అయితే మెడలో లింగమును ధరించినవారు సైతము ఆ త్రోవ పట్టుట చూచినప్పుడు, పెరటి బావిని మూసి పొరుగూరికి బిందెతో పోయినట్లు తోచును.

ఇష్టలింగపూజను మనలో పలువురు ఆచారముగా మాత్రమే ఎరుగుదురు. స్నానమాడి, విభూతి ధరించి, పత్రి పెట్టి, మ్రొక్కి, లింగమును మరల కాయలో నుంచి బడికో కచేరికో పరుగెత్తుదురు. పత్రి పెట్టుటకును కాయ మూయుటకును నడుమ నుండవలసినదే జారిపోయినది. అది దృష్టిని నిలుపుట.

ఇందులో కష్టమైనది ఏమియు లేదు. వెన్ను నిలిపి కూర్చుండుడు. దీపమును కొంచెము ప్రక్కగా, వెనుకగా ఉంచుడు. ఎడమ అరచేతిలో లింగమును నిలిపి కన్నుల యెదుటికి ఎత్తుడు. మోచేయి అలసినచో కుడిచేతితో ఊతమిచ్చినను దోషము లేదు. లింగముపై నల్లని మెరుగు పూత యుండును గదా! ఆ నలుపులో దీపపు వెలుగు ఆవగింజంత చుక్కయై నిలుచును. రెప్పలు సగము వాల్చి చూపును ఆ చుక్కపై నుంచి, శ్వాస వెంట పంచాక్షరిని లోలోపల స్మరింపుడు.

ఆ చుక్క మోసము చేయదు. ఊపిరి తొందరపడినచో చేయి వణకును. చేయి వణకినచో వెలుగు చలించును. నిన్నటి తగవు మనస్సులో మెదలగనే అది కదలును. తగవును విడిచి ఊపిరి నెమ్మదించినంతనే అదియు నిలుచును. తన లోపలి స్థితిని ఇంత సూటిగా కంటి యెదుట చూపు సాధనము వేరొకటి నాకు తెలియదు. కొంతసేపటికి కన్నులు మూసినను ఆ వెలుగు లోపల మిగులును. బయటి ఇష్టలింగమునుండి లోని ప్రాణలింగమునకు, అందుండి భావలింగమునకు సాగు బాట ఇచ్చటనే మొదలగును.

'మనస్సు క్షణమైనను నిలువదు, ఏమి చేయుదుము?' అని అడుగువారు కలరు. నిలువకపోవుట దాని స్వభావము. ఒకటవ తరగతి బిడ్డ పలకపై 'అ' దిద్దునప్పుడు బలపము గీత దాటి పోవును. పంతులు ఆ చిన్ని చేతిని పట్టి మరల గీతపైకి తెచ్చును, మరల పోవును, మరల తెచ్చును. అక్షరము అట్లే కుదురును. బెత్తమునకు జడిసి అక్షరము కుదిరిన బిడ్డను ఇన్నేండ్ల ఉపాధ్యాయ వృత్తిలో నేను చూడలేదు. మనస్సును తిట్టుకొనువారు ఈ మాట తలచుకొందురు గాక.

తీరిక లేదనుట రెండవ అభ్యంతరము. 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు బిజ్జలుని భాండారమును నిర్వహించినాడు. రాజ్యపు లెక్కలు ఒక చేత, శరణుల దాసోహము మరియొక చేత! అంతటి పనిలో నున్నవాడు లింగమును విడువలేదు, లింగము పేర పనిని విడువలేదు. మనకు దినమునకు పావుగంట చాలును. ఆ పావుగంట దొరకదనువారి చేతిలో సెల్‌ఫోను ఎంతసేపు నిలుచుచున్నదో వారే లెక్కించుకొనవలయును.

ఇక అసలు చిక్కు పూజ ముగిసిన పిమ్మట వచ్చును. ఉదయమున నిలిచిన వెలుగు అంగడిలో ఏల ఆరిపోవుచున్నది? దీనికి సమాధానము నాకు లక్కమ్మ కథలో కనబడినది. ఆమె భర్త మారయ్య కల్యాణమున నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వాటితోనే జంగమ దాసోహము నడపెడివాడు. ఏరిన బియ్యము వలననే ఆయనకు 'ఆయ్దక్కి' మారయ్య అని పేరు వచ్చినది. ఒకనాడు ఆయన అనుభవగోష్ఠిలో మైమరచి కాయకమును మరువగా, లక్కమ్మయే గుర్తుచేసినదట. ఆయన వడివడిగా పోయి ఏరి తెచ్చెను. మూట విప్పి చూడగా నిత్యము తెచ్చుదానికంటె గింజలు హెచ్చుగా నున్నవి. వేరొక ఇల్లాలైనచో సంతసించెడిది. లక్కమ్మ మాత్రము ఈ హెచ్చు ఆశ మనకేల కలిగినదని భర్తను ప్రశ్నించి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపినది.

పేదరాలు ఆమె. మరునాటికి ఆ గింజలు పనికివచ్చెడివే. కాని ఆ పిడికెడు బియ్యముతో రేపటి భయమును గూడ ఇంటిలోనికి వచ్చుచున్నదని ఆమె కనిపెట్టినది. మనయందు ఊపిరిని తొందరపెట్టునది చాల వేళల ఈ 'ఇంకొంచెము' అనునదియే. పొరుగువాని యింటి అంతస్తు, బంధువు కుమారుని జీతము, పెండ్లిలో చుట్టముల మెప్పు, వీటిని అరచేతి యెదుటనే ఉంచుకొని చూపు నిలువలేదని వగచిన ఫలమేమి?

ఒక మాట దాచక చెప్పవలయును. ధ్యానము అప్పు తీర్చదు, పోయినవారిని తిరిగి తేదు. దుఃఖములో నున్నవానితో 'లింగమును చూచుము, అంతయు సరియగును' అని చెప్పి లేచిపోవుట దయ కాదు. అతని ప్రక్కన కూర్చుండుటయు, చేతనైన సాయము చేయుటయు దాసోహమే. వారముల తరబడి నిద్రయు, ఆహారమును తప్పినవారిని వైద్యుని కడకు గొనిపోవుటకు సందేహింపరాదు. దేహమును లింగమునకు ఆలయమని నమ్మువారము దాని మరమ్మతును అలక్ష్యము చేయుదుమా?

మన సంప్రదాయమున ఆడుబిడ్డకును మగబిడ్డకును భేదము లేక లింగధారణ కలదు. కావున ఈ సాధనను పూజగదిలో తాతగారికి మాత్రమే విడిచిపెట్టవలదు. దీపము పెట్టిన వేళ ఫోనులన్నియు వేరొక గదిలో నుంచి ఇంటివారందరును కలిసి కూర్చుండుడు. పసివారి చేయి త్వరగా అలసిపోవును; వారి అరచేతి క్రింద తల్లి తన అరచేయి ఉంచవచ్చును. మొదటి దినములలో వారు నవ్వుదురు, కదలుదురు, చుక్క కనబడలేదందురు. దీపమును కొంచెము జరిపి, ఇప్పుడు కనబడుచున్నదా అని మెల్లగా అడుగుడు.