లెక్క రాని సంతోషం

గురువారం సాయంత్రం వివేకనగర్ బాలయేసు దేవాలయం దగ్గర నిలబడితే బెంగళూరు మొరలన్నీ ఒక్కచోట వినవచ్చు. కొవ్వొత్తులు, పూలదండలు పట్టుకుని క్రైస్తవులే కాదు, హిందువులూ ముస్లింలూ వస్తారు. జనవరి 14న, మన సంక్రాంతి రోజుల్లో జరిగే పండుగకైతే ఆ వీధుల్లో కాలు పెట్టలేం. కన్నడం, తమిళం, తెలుగు, ఏ భాషలోనైనా అడిగేవి అవే: ఉద్యోగం, సంతానం, సొంతిల్లు, ఆపరేషన్ సాఫీగా జరగడం. ఇంతమంది పెద్దవాళ్లు తమ బరువులన్నీ తెచ్చి ఒక పసివాడి ముందు దించుతారు. పసివాడిని అడగడం మనకు బాగా వచ్చు. పసివాళ్లను చూసి నేర్చుకోవడం దగ్గరే వెనకబడ్డాం.

నేను ఆ దేవాలయంవాళ్లలా రోమన్ కాథలిక్‌ను కాదు, ఒంగోలు వైపు బాప్టిస్టుల ఇంట పుట్టాను. వారమంతా ఒక కంపెనీలో జీఎస్టీ లెక్కలు చూస్తాను. ఆదివారం కె.ఆర్.పురం దగ్గర ఒక తెలుగు సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతాను. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఇలాంటి బడి పెట్టించింది, వారమంతా పనికిపోయే పేదపిల్లలకు చదువు చెప్పడానికి. మా పిల్లల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ల బిడ్డలున్నారు, అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీల బిడ్డలున్నారు. అందరికీ ఒకటే చాప.

ఒక ఆదివారం ప్రార్థన చేయమంటే మేస్త్రీ కూతురు లేచింది. ఏడేళ్లుంటాయి. "యేసయ్యా, నిన్న నాన్న లిఫ్ట్ ఎక్కించాడు, థ్యాంక్యూ. పక్కింటోళ్ల కుక్కకి నాలుగు పిల్లలు పుట్టాయి, థ్యాంక్యూ. ఆమెన్." అంతే, కూర్చుంది. కుక్క వాళ్లది కాదు. లిఫ్ట్ వాళ్ల నాన్న పనిచేస్తున్న భవనంలోది. పని అయిపోగానే ఆ కుటుంబం మరో సైటుకు మారిపోతుంది. తనది కానిదానికి కృతజ్ఞత చెప్పడం ఆ పిల్లకు వింతగా తోచలేదు.

గంట తర్వాత అదే హాల్లో పెద్దల సాక్ష్యాలు. ఒకరికి హైక్ వచ్చింది, ఒకరికి ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది, ఒకరి కొడుక్కి వీసా వచ్చింది. అవీ దేవుడి మేళ్లే, కాదనను. కానీ నా వృత్తి వల్లనేమో, అవి నా చెవికి బ్యాలెన్స్ షీటులా వినిపిస్తాయి: ఇన్ని ఉపవాసాలు, ఇంత దశమభాగం, ఇదిగో రాబడి. రాబడి లేని ఏడాది ఆ మనిషి మైకు దగ్గరికి రాడు. సంతోషించే హక్కు కూడా లేదనుకుంటాడు.

పిల్లలు దేవదూతలేమీ కారు. చాక్లెట్ల కోసం కొట్టుకుంటారు, కంఠత వాక్యం అరచేతిలో రాసుకొస్తారు. యేసుకూ ఈ సంగతి తెలుసు. సంతవీధిలో ఏ ఆటకూ ఒప్పుకోరని ఒకరినొకరు దెప్పుకునే పిల్లల గురించి ఆయనే చెప్పాడు. పౌలైతే ఆలోచనలో మాత్రం పెద్దవాళ్లు కండని కొరింథువారికి రాశాడు. మరి పిల్లల్లో యేసు చూసినదేమిటి?

మార్కు సువార్త పదో అధ్యాయంలో ఉంది జవాబు. చిన్నబిడ్డలను తెచ్చినవాళ్లను శిష్యులు గద్దిస్తే ఆయన కోప్పడి, బిడ్డలను ఎత్తుకుని దీవించాడు. ఆ వెంటనే ఒక ఆస్తిపరుడు పరుగెత్తుకొచ్చి, నిత్యజీవం దక్కాలంటే ఏం చేయాలని అడిగాడు. ఆజ్ఞలన్నీ చిన్నప్పటి నుంచీ పాటిస్తున్నానన్నాడు. చివరికి దిగులుతో వెళ్లిపోయాడు. మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కనే పెట్టారు. బిడ్డలు ఏ ఆజ్ఞా పాటించి రాలేదు, చేతిలో చూపించడానికేమీ లేదు. వాళ్లు ఆయన చేతుల్లోకి వెళ్లారు. లెక్క సరిగ్గా ఉన్నవాడు దిగులుపడ్డాడు. పిల్లల దగ్గర యేసుకు నచ్చింది అమాయకత్వం కాదు, ఖాళీ చేతులతో రావడానికి సిగ్గుపడకపోవడం.

కష్టం తెలియదు కాబట్టే పిల్లలకు ఆ సంతోషం అంటారు కొందరు. నేనొప్పుకోను. మా క్లాసులో ఒక పిల్లవాడు, "అంకుల్, నానమ్మ కోసం అందరం ప్రార్థన చేశాం కదా, మరి ఎందుకు చచ్చిపోయింది?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "యేసయ్యకు తెలుసా?" తెలుసన్నాను. "అయితే నేనే అడుగుతాలే" అని, కాసేపటికి పాట మొదలవగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ప్రశ్నను మింగలేదు, పాటనూ మానలేదు. మనమైతే ఆ ప్రశ్న నోటికి రానివ్వం, లోపల మాత్రం ఏళ్లతరబడి దేవుడితో మాట్లాడం.

వివేకనగర్‌లో అడిగేవాళ్లను తప్పుపట్టను. పిల్లల కంటే ఎక్కువ అడిగేదెవరు? కాకపోతే పిల్లలు అడుగుతారు, అడిగినది వచ్చేదాకా సంతోషాన్ని తాకట్టు పెట్టరు. మా సంఘంలో నేనొకటి అడిగి చూశాను: సాక్ష్యాల వేళ ఎవరైనా తమకు రాని మేలు గురించి, పక్కవాడి హైక్ గురించో ఎదురింటివాళ్ల సొంతిల్లు గురించో, దేవుడికి వందనాలు చెప్పగలరా అని. హాలంతా నవ్వింది, ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. మనం నిజంగా ఎంత పెద్దవాళ్లమైపోయామో కొలవాలంటే పుట్టినరోజులు లెక్కపెట్టనక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం నోటికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసుకుంటే చాలు.