అసలు పొడుగు ఏది?

శనివారం ప్రదక్షిణలయ్యాక వాడపల్లిలో గౌతమి గట్టున కూర్చున్నారు మామయ్యా, మేనకోడలూ. ఆమె ఒళ్లో కొబ్బరికాయ ఉంది.

"దీన్ని వెలుతురు వేగంలో 87 శాతంతో అవతలి ఒడ్డుకి విసిరితే, మామయ్యా?"

"గాలి ఉంటే ఈ గట్టు మిగలదమ్మా. కిలో కాయకి ఆ వేగం రావాలంటే దాదాపు 2500 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. అదంతా గాలికి తగిలి ఒక్కసారే బయటపడుతుంది. గాలి లేదనుకో. మనం కొలిస్తే కాయ పొడుగు, వెళ్లే దిక్కున, సగమే తేలుతుంది."

"నలిగిపోతుందా?"

"లేదు. పీచు ఒత్తుకోదు, టెంక బీటలివ్వదు. కాయ మీద చీమ ఉంటే దానికి కాయ మామూలే. గౌతమి వెడల్పే సగమైపోతుంది."

"అయితే కంటి భ్రమే కదా?"

"కన్ను సగం కాయని చూడనే చూడదు. 1959లో పెన్‌రోజ్, టెరెల్ ఎవరికి వారు తేల్చారు: గుండ్రటి వస్తువు కంటికి గుండ్రంగానే ఉంటుంది, కాస్త తిరిగినట్టు. కాయ అటుపక్క వెలుతురు ఇటుపక్కదానికంటే ముందు బయల్దేరితేనే రెండూ కలిసి కంటికి చేరతాయి. తగ్గుదల కొలతలో ఉంది, చూపులో కాదు."

"మరి అసలు పొడుగు ఏది? మనదా, చీమదా?"

చాలామంది ఇక్కడే మాట మార్చేస్తారు. ఆయన మార్చలేదు.

"అరచెయ్యి చాపు. సుమారు సెకనుకో మ్యూయాన్ అనే చిన్న కణం అందులోంచి దూసుకుపోతోంది. పుట్టేది 15 కిలోమీటర్ల పైన. సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, అంటే 660 మీటర్లు రావడమే గొప్ప. అయినా వస్తున్నాయి. దాని కాలం నెమ్మదించిందంటాం మనం. దాని వైపు నుంచి చూస్తే ఆకాశమే కిలోమీటరు లోపుకి కుదించుకుపోయింది. 1950ల్లో భౌతిక శాస్త్రవేత్త శ్రీకంఠన్ కుప్పం అవతల కోలారు బంగారు గనుల్లోకి పరికరాలు దింపి వీటినే లెక్కపెట్టారు. పరికరంలో పడిందా లేదా అన్నదాంట్లో ఎవరికీ తేడా రాదు. పొడుగు మాత్రం చుట్టరికం లాంటిది. నీకు మామయ్యని, మీ అమ్మకి తమ్ముణ్ణి."

"వరస మారినా మనిషి ఒక్కరేగా! ఇక్కడ ఆ మారనిది ఏది?"

"1908లో మింకోవ్‌స్కీ చూపించాడు. కాలాన్ని వెలుతురు వేగంతో గుణించి వర్గం చెయ్యి. అందులోంచి దూరం వర్గం తీసేసి, మిగిలినదానికి వర్గమూలం కట్టు. సగటు మ్యూయాన్ పుట్టుకకీ, నశించడానికీ మధ్య మన కొలతలతో కట్టినా, దాని కొలతలతో కట్టినా 660 మీటర్లే."

"రెండూ నేనే కట్టి చూస్తాను, పెన్నివ్వండి."