నేర్పు - ఓర్పు

మానవుని శీలము గొప్ప కార్యములందు మాత్రమే పరీక్షింపబడునని తలంచుట పొరపాటు. గొప్ప కార్యములను పదిమంది చూచుచుందురు. కీర్తి మీది ఆశయు, నింద వలని భయమును అచ్చట మనుజుని అదుపులో నుంచును. ఎవరును చూడని వేళ, తనకు నష్టమేమియు లేని చోట, తనకంటె తక్కువ నేర్పు గలవానితో అతడెట్లు మెలగునో అదియే అతని నిజమైన శీలము. అట్టి పరీక్ష నేడు పెక్కు గృహములలో, అరచేతిలోని సెల్‌ఫోను మీద, అనుదినము జరుగుచున్నది. అది ఆట రూపమున వచ్చుటచేత పరీక్షయని ఎవరికిని తోచదు.

విశాఖపట్టణము రేవునకును ఉక్కునకును ప్రసిద్ధి చెందిన నగరము. 1933లో ప్రారంభమైన రేవును, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును అనేక ప్రాంతముల వారిని ఒకచోట చేర్చినవి. చదరంగమునందును ఈ నగరమునకు పేరున్నది. ఇచ్చటి బాలిక కొలగట్ల అలన మీనాక్షి చదరంగమున చూపిన ప్రతిభకు 2023లో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారము పొందినది. ఇట్టి ఊరిలో చదరంగమును, దానివంటి ఇతర వ్యూహక్రీడలను అంతర్జాలము మీద ఆడువారు పిల్లలలోను పెద్దలలోను కలరు.

ఉక్కునగరమున నివసించు ఒక ఇంజనీరు రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరి, నిద్రకు ముందు ఒక ఆట ఆడెననుకొనుడు. ఎదుటివాని ముఖము కనబడదు. అసలు పేరు తెలియదు. అతడు పదియేండ్ల బాలుడు కావచ్చును, ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుడు కావచ్చును, నిన్ననే ఆట నేర్చుకొన్న గృహిణి కావచ్చును. ఐదవ ఎత్తులోనే ఆ అపరిచితుడు తన మంత్రిని ఊరక పోగొట్టుకొనును. ఇంజనీరునకు విసుగు కలుగును. అప్పుడు అతని ముందు మూడు చెడు మార్గములు తెరచుకొనును. ఆట విడిచి మాట చెప్పక వెడలిపోవుట మొదటిది. ‘నీకు ఆట యెందుకు?’ అని ఎగతాళి మాట వ్రాసి పంపుట రెండవది. గెలుపు చేతిలో నుండియు ఆటకట్టు చేయక, బంట్లను ఒక్కొక్కటిగా మంత్రులుగా మార్చుచు ఎదుటివానిని ఏడిపించుట మూడవది.

ఈ మూడవదానిని ఆట నియమము ఏదియు ఆపజాలదు. 1924లో పారిస్ నగరమున స్థాపింపబడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, క్రీడాకారులందరును ఒకే కుటుంబమను భావమును తన ఆదర్శ వాక్యముగా గైకొన్నది. ఎదుటి ఆటగానిని చీకాకుపరచుటను దాని నియమావళి నిషేధించుచున్నది. కాని నియమమునకు చిక్కని అవమానములు వేయి కలవు. నియమము ఆగిపోయిన చోటనే ధర్మము ప్రారంభమగును.

విసుగు చెందిన ఇంజనీరు పక్షమున ఒక వాదము వినబడును. ‘నేర్పు కష్టపడి సంపాదించినది. దానిని గౌరవింపనివానితో కాలమేల వృథా చేయవలెను?’ అని. ఈ వాదమునకు సమాధానము ఆ నగరపు రేవులోనే దొరకును. సముద్రములు దాటివచ్చిన పెద్ద ఓడ విశాఖ రేవు ముఖద్వారమును సమీపించినప్పుడు, స్థానిక పైలటు ఓడ మీదికి ఎక్కును. డాల్ఫిన్స్ నోస్ కొండ చెంతనున్న ఇరుకు కాలువలో లోపలి రేవునకు ఓడను చేర్చుటకు అతడు దారి చెప్పును. టగ్గులు ఓడను మెల్లగా త్రిప్పును. ముప్పది సంవత్సరములు ఓడలు నడిపిన కెప్టెను ఆ కొద్ది దూరమున మరియొకరి మాట వినును. ఆ కాలువను గూర్చి అతనికి తెలిసినది తక్కువ. అంతమాత్రమున పైలటు అతనిని తక్కువగా చూడడు. కెప్టెనును సిగ్గుపడడు. తాను ఆరితేరిన ప్రదేశమునకు నాలుగడుగుల ఆవల ప్రతివాడును నేర్వనివాడే. చదరంగమున ఎదుటివానిని పరిహసించిన ఇంజనీరు, ఆ ఎదుటివాని పొలములోనో, మగ్గము మీదనో, వంటయింటిలోనో నిలిచిన యెడల ఐదవ ఎత్తులోనే మంత్రిని పోగొట్టుకొనును.

మరియొక సంగతి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లుగల బ్లాస్ట్ ఫర్నేసుల చెంత పొరపాటు జరిగినచో ప్రాణములే పోవచ్చును. అట్టి చోట పెద్దవాడు కఠినముగా పలికినను అర్థమున్నది. ఆట పలక మీద పొరపాటు జరిగినచో పోవునది కొయ్యబొమ్మ. సెల్‌ఫోనులో అదియును లేదు. తప్పు చేసి నేర్చుకొనుటకు మానవుడు కల్పించుకొన్న అత్యంత సురక్షిత స్థలము ఆట. అచ్చటనే తప్పునకు అవమానము శిక్షగా విధించినచో, నేర్చుకొనువాడు మరి యెచ్చటికి పోవలెను?

నేర్పునకు నేడు అంకెలలో కొలత యున్నది. హంగెరీలో జన్మించి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య 1970లో స్వీకరించినది. దాని లెక్క ప్రకారము ఇద్దరి నడుమ 400 పాయింట్ల అంతరమున్నచో, పదునొకండు ఆటలలో సుమారు పదింటి ఫలము బలవంతునికే దక్కును. అతడు గెలిచినచో కలియునది బహు స్వల్పము. ఓడినచో పోవునది దానికంటె చాల ఎక్కువ. అనగా బలహీనుని మీది గెలుపు గొప్ప గెలుపు కాదని ఆ గణితమే తేల్చి చెప్పుచున్నది. ఐనను కొందరు నిపుణులు క్రొత్త పేరుతో చేరి, తమ రేటింగును దాచి, నేర్చుకొనువారిని వరుసగా ఓడించి సంతోషింతురు. ఇది ఆట కాదు, మారువేషమున చేయు వంచన.

ఐనచో బలవంతుడు కావలెనని ఓడిపోవలెనా? అదియును సరికాదు. దొంగ ఓటమి కూడ అసత్యమే. దానిని పసిగట్టిన బాలుడు రెండు విధముల నొచ్చుకొనును. తాను గెలువలేదనునది ఒకటి. తనను నమ్మదగినవానిగా ఎంచలేదనునది రెండవది. నిపుణుడు అసమానతను దాచక బహిరంగముగా సరిచేయవచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా నిపుణులు తమ పావులలో ఒకదానిని ముందుగనే తీసివేసి ఆడుట వాడుక. ‘గో’ యను ప్రాచీన క్రీడలో నేటికిని బలహీనునికి రెండు మొదలు తొమ్మిది వరకు రాళ్లు ముందుగా పెట్టుకొను హక్కు నిత్తురు. ఇచ్చట దయయు సత్యమును కలిసియే యున్నవి. అట్టి ఏర్పాటు లేనప్పుడు పూర్ణశక్తితో ఆడి, త్వరగా ముగించి, ‘ఆ మంత్రిని ఇట్లు కాపాడుకొనవచ్చును’ అని ఒక మాట చెప్పుట ఉత్తమము. ఆ మాట కూడ అడిగినవానికే చెప్పవలెను. అడుగనివాని మీద కురిపించిన ఉపదేశము గర్వమునకు మరొక రూపము.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న జట్టు ఆటలలో ఎదురగును. పలువురు కలిసి సేనలు నడపి కోటలు పట్టు క్రీడలలో ఒకని పొరపాటుచేత అందరును ఓడుదురు. ఇచ్చట కోపమునకు కారణమున్నది. ఐనను ఆట మధ్యలో తిట్టు తిన్న చేయి మరింత తడబడునే గాని కుదుటపడదు. కర్మాగారమున క్రొత్తవానిని కరగిన ఇనుము ముందు ఒంటరిగా నిలుపరు. తెలిసినవాడు ప్రక్కన నిలిచి పని చెప్పును. జట్టులోను క్రొత్తవానికి మోయగల పనిని అప్పగించి, సూచనను తప్పు జరుగక ముందే చెప్పుట నిపుణుని బాధ్యత. మోయలేని భారము క్రింద అతనిని నిలిపి, క్రుంగినప్పుడు నిందించువాడు మొదటి తప్పు తనదేయని గ్రహింపవలెను.

2020లో కరోనా వ్యాధి వలన చదరంగ ఒలింపియాడు అంతర్జాలము మీద జరిగినది. జట్టులో పెద్దలతో పాటు ఇరువది సంవత్సరములలోపు బాలబాలికలు కూడ ఆడవలెనని దాని నిబంధన. తెలుగువారైన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటల హరికృష్ణ సభ్యులుగానున్న భారత జట్టులో పదునాలుగేండ్ల దివ్య దేశ్‌ముఖ్ కూడ నుండెను. రష్యాతో జరిగిన తుది పోటీలో దివ్యకును నిహాల్ సరీన్‌కును అంతర్జాల సంబంధము తెగిపోగా, కాలము మించి వారి ఆటలు పోయినవి. తరువాత రెండు దేశములును విజేతలుగా ప్రకటింపబడినవి. ఐదేండ్లు గడచినవి. 2025లో జార్జియా దేశపు బటూమి నగరమున జరిగిన మహిళల ప్రపంచ కప్పునకు దివ్య గ్రాండ్‌మాస్టరు బిరుదు లేకయే వెళ్లినది. అచ్చట హారికను, తుదకు జూలై 28న హంపిని గెలిచి కప్పును, దానితో పాటు ఆ బిరుదును పొందినది. నాడు జట్టులో పిన్నయైన బాలిక నేడు పెద్దలకు సమఉజ్జీగా నిలిచినది. ప్రక్కన కూర్చున్న బాలుడు రేపు ఎవరగునో నేటి నిపుణునకు తెలియదు. ఐతే అతడు ఎవరును కాకపోయినను గౌరవమునకు అర్హుడే. గొప్పవాడగునను ఆశతో చూపు ఓర్పు వర్తకము. ఏ ఆశయు లేక చూపునదే ధర్మము.

ఓర్పు ఉన్నదని అన్నింటిని సహింపవలెనని కాదు. నేర్పు లేకుండుట వేరు, నీతి లేకుండుట వేరు. యంత్రసహాయముతో మోసగించువానిని, అసభ్యముగా దూషించువానిని నిర్వాహకులకు తెలుపుటయే న్యాయము. ఓడిపోవు ఆటను ముగింపక గడియారము నడువనిచ్చి ఎదుటివానిని వేచియుండజేయు బలహీనుడును మర్యాద తప్పినవాడే. మర్యాద ఇరుపక్షముల వారికిని విధి. ఐనను మొదటి అడుగు బలవంతుడే వేయవలెను. శక్తి ఎవని చేతిలో నున్నదో భారము కూడ అతనిదే.

కల్యాణ నగరమున బిజ్జలుని కొలువులో మంత్రిగా నుండిన బసవేశ్వరుడు శరణుల నడుమ కడపటి స్థానమును తనకై ఎంచుకొనెను. అల్లమప్రభువు అధ్యక్షతన కూడిన అనుభవమంటపమున పడవ నడపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య పండితులతో సమముగా కూర్చుండిరని సంప్రదాయము చెప్పుచున్నది. తెలిసినవాడు తెలియనివానిని ముందు వినవలెనను సంస్కారము లేనిచో అట్టి సభ ఒక్క దినమైనను నిలువదు.

చదరంగపు పలక మీద బంటు కడపటి గడి చేరి మంత్రి యగును. కల్యాణమున మంత్రి తనకు తానై బంటుగా నిలిచెను. మొదటిది నేర్పుచే సాధ్యము. రెండవది ఓర్పుచే మాత్రమే సాధ్యము. రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరిన ఇంజనీరు ముందు, పేరు తెలియని అపరిచితుని ఎదుట, ఈ రెండు మార్గములును తెరచియే యున్నవి. ఆటను మర్యాదగా ముగించి ‘బాగుగా ఆడితివి, మరల ఆడుదము’ అని వ్రాయుటకు ఒక్క నిమిషము చాలును. ఆ మాట చదివిన బాలుడు ఎచ్చటనో మరునాడు మరల పలక ముందు కూర్చుండును.