మారుమనస్సు: సువార్తలో విడువబడిన సగము

వాక్యభాగములు: లూకా 24:44–49; 2 కొరింథీయులకు 7:8–11

పునరుత్థానుడైన ప్రభువు యెరూషలేములో తన శిష్యుల మధ్య నిలిచి, వారి మనస్సులను తెరచి, వారు లోకమునకు మోసికొని పోవలసిన వర్తమానమును వారికి అప్పగించెను. ఆ వర్తమానములో రెండు సంగతులు జంటగా నున్నవి. ఒకటి మారుమనస్సు, రెండవది పాపక్షమాపణ. రెండును ఆయన పేరటనే ప్రకటింపబడవలెను. యెరూషలేము మొదలుకొని సమస్త జనములకు ప్రకటింపబడవలెను. ఆయనను సిలువకు అప్పగించిన పట్టణమే ఈ ప్రకటనకు మొదటి స్థలముగా నియమింపబడెను. అచ్చటి జనులకు క్షమాపణ ఎంత అవసరమో, తాము చేసినదేమో ఎరిగి దేవునివైపు తిరుగుటయు అంతే అవసరమై యుండెను.

ఈ జంటలో ఒకదానిని పట్టుకొని మరియొకదానిని జారవిడుచు శోధన సంఘమునకు ఎల్లకాలమును ఉన్నది. ఉజ్జీవకూటములో ఒక వర్తకుడు చేయి ఎత్తుననుకొందురు గాక. ప్రసంగికుడు అతని కొరకు ప్రార్థించును; అతని పేరు ఒక కాగితముపై వ్రాయబడును. మరునాడు అతడు దుకాణము తెరచును. అదే త్రాసు, అవే అరిగిన తూనికరాళ్లు. రక్షింపబడితివని అతనికి చెప్పినవారు ఆ రాళ్లను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. అతని హృదయము సంతోషముతో నున్నది. అతనియొద్ద బియ్యము కొను విధవరాలు మాత్రము నిన్నటివలెనే మోసపోవుచున్నది. అతడు వినినది ప్రభువు అప్పగించిన సువార్తయేనా?

1. మాటలోని భావము

పాత నిబంధన ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట ‘షూబ్’. త్రోవ తప్పినవాడు వెనుకకు మరలి ఇంటిదారి పట్టుట అని దాని అర్థము. క్రొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘మెతనోయ’. తలంపు, ఉద్దేశము, తీర్పు, వీటన్నిటికి నిలయమైన మనస్సు మార్పు నొందుట దాని భావము. లాతీను బైబిలులో ఈ ఆజ్ఞకు వాడబడిన మాటలను మధ్యయుగపు జనులు ప్రాయశ్చిత్త కార్యములు చేయవలెనని గ్రహించిరి. 1516లో ఎరాస్మస్ గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేయించి ప్రకటించిన తరువాత పండితులు మూలభాషను సులభముగా చూడగలిగిరి. మరుసటి సంవత్సరము, 1517లో, మార్టిన్ లూథర్ వ్రాసిన 95 ప్రతిపాదనలలో మొదటిదే ఈ విషయమును గూర్చినది: ప్రభువు మారుమనస్సు పొందుడని ఆజ్ఞాపించినప్పుడు విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెనని ఆయన ఉద్దేశించెను. ఆ విధముగా సంస్కరణోద్యమము ఒక మాట యొక్క అర్థమును గూర్చిన ప్రశ్నతో ఆరంభమాయెను.

తెలుగు క్రైస్తవులు ఈ విషయములో ధన్యులు. ‘మారుమనస్సు’ అను మాట మెతనోయ భావమునకు మిక్కిలి చేరువైనది. దానికి ప్రక్కన ‘పశ్చాత్తాపము’ అను మరియొక మాట కలదు. పశ్చాత్ అనగా తరువాత, తాపము అనగా మంట. పని జరిగిపోయిన తరువాత లోపల రగులు మంట అది. యూదా ఇస్కరియోతును గూర్చి తెలుగు బైబిలు ఈ మాటనే వాడినది (మత్తయి 27:3). అయినను మాట యొక్క వ్యుత్పత్తిపైననే సిద్ధాంతమును కట్టరాదు. యూదాను గూర్చి మత్తయి వాడిన గ్రీకు క్రియనే, ద్రాక్షతోటకు పోనని చెప్పి తరువాత పోయిన కుమారుని గూర్చియు వాడెను (మత్తయి 21:29). ఇద్దరికిని మంట కలిగెను. ఒకని మంట అతనిని తండ్రి తోటలోనికి నడిపెను; మరియొకని మంట అతనిని యాజకులయొద్దకు, అచ్చటనుండి మరణమునకు నడిపెను. పేతురును సంతాపపడి ఏడ్చెను. కాని అతడు సహోదరుల మధ్య నిలిచియుండి, సమాధికి పరుగెత్తి, గలిలయ సముద్రపు ఒడ్డున ప్రభువు ప్రశ్నలకు జవాబిచ్చెను. దేవుని చిత్తానుసారమైన దుఃఖమునకును లోకసంబంధమైన దుఃఖమునకును పౌలు చూపిన భేదము ఇదియే. కన్నీటి పరిమాణము ఆ భేదమును తెలుపదు. ఆ కన్నీరు మనుష్యుని ఎవరియొద్దకు నడిపెనో అదియే తెలుపును.

2. మారుమనస్సు రక్షణకు వెల కాదు

ఇచ్చట మరియొక ప్రమాదము కలదు. పాపమును విడిచి తన్ను తాను శుద్ధిచేసికొనిన తరువాతనే పాపి క్రీస్తునొద్దకు రావలెనని బోధించినయెడల, కృపకు ద్వారపాలకునిగా మరల క్రియలు నిలుపబడును. 1717లో స్కాట్లాండులోని ఆక్టరార్డర్ ప్రెస్బితెరీ దీనికి విరుద్ధముగా ఒక ప్రతిపాదన చేసెను. క్రీస్తునొద్దకు వచ్చుటకు ముందుగా పాపమును విడువవలెనని బోధించుట సరియైన బోధ కాదని దాని సారాంశము. ఆ సంవత్సరమే అచ్చటి సర్వసభ దానిని ఖండించెను. థామస్ బోస్టన్ వంటి దైవజనులు ఆ ప్రతిపాదనలోని మాటల కూర్పును మెచ్చకపోయినను, అందలి సత్యమును సమర్థించిరి. రోగి వైద్యునియొద్దకు పోవుటకు ముందు స్వస్థత పొందవలెనని ఎవరును కోరరు గదా.

జక్కయ్య చరిత్ర ఈ క్రమమును తేటగా చూపుచున్నది. ప్రభువు మేడిచెట్టు క్రింద నిలిచి, ఆ దినమున అతని యింట బస చేయవలెనని ముందుగా చెప్పెను. జనులు సణుగుకొనిరి. అటుతరువాతనే జక్కయ్య నిలువబడి, తన ఆస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొనినది నాలుగంతలుగా చెల్లించెదననియు చెప్పెను. అపరాధము ఒప్పుకొనినవాడు అసలును, దానిపై అయిదవ వంతును ఇయ్యవలెనని ధర్మశాస్త్రము విధించెను (సంఖ్యాకాండము 5:7). జక్కయ్య అంతటితో ఆగలేదు. అతడు వెలయిచ్చి ప్రభువును ఇంటికి తెచ్చుకొనలేదు. ప్రభువు ఇంటికి వచ్చినందున అతని సంచి మూతి విప్పబడెను. అట్లే తప్పిపోయిన కుమారుడు తాను చెప్పదలచిన మాటలను ముగింపకమునుపే తండ్రి ప్రశస్త వస్త్రము తెమ్మనెను. దేవుని అనుగ్రహమే మారుమనస్సునకు నడిపించుచున్నదని పౌలు బోధించెను (రోమా 2:4), యెరూషలేములోని సహోదరులు కొర్నేలి ఇంట జరిగిన కార్యమును విని, మారుమనస్సు అన్యజనులకు దేవుడు దయచేసిన దానమని ఒప్పుకొనిరి (అపొ. కార్యములు 11:18).

కాబట్టి విశ్వాసమును మారుమనస్సును రెండు వేరువేరు షరతులుగా లెక్కింపరాదు. తూర్పుదిక్కుగా నడచువాడు పడమటికి తిరిగినప్పుడు, తూర్పునకు వీపు చూపుట ఒక పనియు పడమటికి ముఖము చూపుట మరియొక పనియు కావు. థెస్సలొనీకయులు విగ్రహములను విడిచి జీవముగల దేవునివైపు తిరిగినది ఒక్క తిరుగుటయే.

3. యోహాను సువార్త సాక్ష్యము

యోహాను సువార్తలో మెతనోయ అను మాట గాని దాని క్రియ గాని ఒక్కసారియైనను లేదు. కావున విశ్వసించిన చాలును, మారుమనస్సును గూర్చి చెప్పనక్కరలేదని కొందరు వాదింతురు. మాట లేదనుట నిజమే. సంగతి లేదనుట నిజము కాదు. క్రియలు చెడ్డవైనందున వెలుగునొద్దకు రానివారిని గూర్చియు, సత్యము చేయుచు వెలుగునొద్దకు వచ్చువారిని గూర్చియు మూడవ అధ్యాయము చెప్పుచున్నది. సమరయ స్త్రీ జీవజలమును అడిగిన వెంటనే ప్రభువు ఆమె పెనిమిటిని పిలుచుకొని రమ్మనెను. ఆమె దాచుకొనిన దానిని ఆయన ముట్టెను; ముట్టిన తరువాతనే ఆమె తన కుండను విడిచి ఊరిలోనికి పరుగెత్తెను. ఆమె అడిగిన నీళ్లు ఆమె దాచిన గాయముగుండనే రావలసియుండెను.

4. సువార్త ప్రకటనలో దీని స్థానము

బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు వచ్చినవారు తామేమి చేయవలెనని అడిగినప్పుడు, అతడు సుంకరులకు సుంకమును గూర్చియు, సైనికులకు జీతమును గూర్చియు జవాబిచ్చెను. మారుమనస్సు ప్రకటించువాడు గాలిలో మాటలాడడు. వినువారి వృత్తిని, సంచిని, ఇంటిని ఎరిగి మాటలాడును.

తెలుగుదేశపు సంఘచరిత్రలో దీనికి ఒక సాక్ష్యము కలదు. 1876–78 నాటి మహాక్షామములో ఒంగోలు ప్రాంతపు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసికొని, ఆకలిగొనిన వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. అనేకులు బాప్తిస్మము కోరిరి. అన్నము కొరకు ఎవరును క్రీస్తు నామము ధరింపకూడదని, సహాయకార్యము నడుచుచున్నంతకాలము ఆయన బాప్తిస్మములను నిలిపియుంచెను. ఆ పని ముగిసిన తరువాతను వారు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. విగ్రహారాధన మానుట, విశ్రాంతిదినమును ఆచరించుట మొదలైన నియమములు వారికి అలంకారములు కావు. గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టమని నిరాకరించిన మాదిగ విశ్వాసులు గ్రామపెద్దల ఆగ్రహమునకు గురియైరి. తిరుగుటకు వెల కలదని వారు ఎరిగియుండిరి. లెక్కకు తొందరపడక నిరీక్షించిన ఆ ఓర్పు నేటి సువార్త ప్రయాసమునకు మాదిరి.

అయితే ప్రకటన యెరూషలేమునుండియే, అనగా స్వజనులనుండియే, ఆరంభము కావలెను. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములలో అయిదింటికి మారుమనస్సు పొందుమను ఆజ్ఞ వచ్చెను. అవి బాప్తిస్మము పొందినవారి సంఘములే. ఆదివారము బల్లయొద్ద ఒకే రొట్టెను పంచుకొని, సోమవారము కుమారుని కట్నమును బేరమాడు కుటుంబము పొరుగువానికి ఏ మారుమనస్సును ప్రకటింపగలదు? కులమును చూచి వధువును వెదకు సంఘపెద్ద, క్రీస్తునందు అందరు ఒక్కటేయని ఏ నోట చెప్పగలడు? వినువారు చెవులతోనే గాక కన్నులతోను వినుచున్నారు.

తన మారుమనస్సు చాలునో చాలదో అని రాత్రులు కుములుచున్న సున్నిత హృదయులును కలరు. దుఃఖము ఇంత లోతుగా ఉండవలెనని లేఖనము ఎచ్చటను కొలత పెట్టలేదు. రక్షించునది మారుమనస్సు యొక్క లోతు కాదు, క్రీస్తు. ఆయనవైపు తిరిగినవాడు, తడబడుచు నడచినను, తిరిగినవాడే.

ఇక ఆ వర్తకుని మాట. సంపూర్ణమైన సువార్త అతనికి చేరినయెడల అతని సంతోషము తగ్గిపోదు. అతడు ఉదయమున దుకాణము తెరచి, అరిగిన రాళ్లను ఏరి అవతల పారవేయును. ఆ విధవరాలు వచ్చినప్పుడు బియ్యము సరిగా తూచి, గతములో తగ్గినదానికి ఆమెకు లెక్క చెప్పి తిరిగి ఇచ్చును. ఆమె ఆశ్చర్యపడి కారణమడుగును. అప్పుడు అతడు చెప్పు జవాబే ఆ ఊరిలో సువార్త ప్రకటన.