ఎడారి లోయల్లో రెండు రోజులు: చూసి రావడమా, నేర్చుకొని రావడమా?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న మన తెలుగు సోదరులు కొందరు తరచూ మమ్మల్ని ఒక విషయం అడుగుతున్నారు. చలికాలం వచ్చిందంటే అక్కడ వారాంతపు సెలవుల్లో నలుగురైదుగురు కలిసి జీపుల్లో బయలుదేరుతారు. తారురోడ్డు వదిలి ఇసుకలోకి, కొండల మధ్య ఇరుకు లోయల్లోకి దిగుతారు. అరబ్బీలో ఈ లోయను 'వాదీ' అంటారు. అక్కడే గుడారం వేసుకొని రాత్రి గడుపుతారు. తెల్లవారాక బండల మీదుగా కాలినడకన తిరుగుతారు. ఇది ధర్మసమ్మతమేనా, కాలాన్ని వృథా చేయడమా అన్నది వారి సందేహం.

సంచారం నిషిద్ధం కాదు. భూమిపై తిరిగి, పూర్వ జాతుల పర్యవసానం ఏమయిందో గమనించాలని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తోంది. అయితే ఒకే లోయలోకి దిగిన ఇద్దరిలో ఒకడు ఫొటోలతో తిరిగి వస్తాడు, మరొకడు గుణపాఠంతో తిరిగి వస్తాడు. తేడా లోయలో లేదు, దిగిన మనసులో ఉంది.

రాళ్లు చెప్పే పాఠం

సౌదీ అరేబియాలోని తబూక్ ప్రాంతంలో వాదీ అద్దీసా అనే లోయ ఉంది. సుమారు 15 కిలోమీటర్ల పొడవున ఇసుకరాతి కొండలు ఇరువైపులా గోడల్లా నిలబడి ఉంటాయి. అడుగున ఊటనీరు పారుతుంది. ఆ నీటి వెంబడి రెల్లు, ఖర్జూరపు చెట్లు పెరుగుతాయి. చుట్టూ ఎడారి, మధ్యలో పచ్చదనం! రాళ్ల నుండి కూడా నీరు ఉబికి వస్తుందనీ, మనుషుల హృదయాలు మాత్రం అంతకంటే కఠినం కాగలవనీ అల్ బఖరా సూరా హెచ్చరిస్తుంది. ఆ ఊట ప్రక్కన కూర్చున్నవాడు ఈ మాటను ఒక్కసారి తన హృదయానికి అన్వయించుకోవాలి.

ఫాతిర్ సూరాలో పర్వతాలలోని తెలుపు, ఎరుపు, కారునలుపు చారల ప్రస్తావన ఉంది. ఆ వెంటనే, అల్లాహ్‌కు నిజంగా భయపడేది జ్ఞానం కలవారేనన్న విషయం వస్తుంది. అంటే కొండ రంగును చూడటం కూడా జ్ఞానంలో భాగమే. ఆ జ్ఞానం దైవభీతి దాకా తీసుకువెళ్లాలి.

హిజ్ర్ లోయ

మదీనాకు ఉత్తరాన 300 కిలోమీటర్లకు పైగా వెళితే అల్ ఉలా వస్తుంది. దాని సమీపంలోనిదే హిజ్ర్, మదాయిన్ సాలిహ్ అని కూడా అంటారు. యునెస్కో 2008లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. సౌదీలో ఆ గుర్తింపు పొందిన తొలి స్థలం ఇదే. కొండరాళ్లలో తొలిచిన 111 పెద్ద సమాధులు అక్కడున్నాయి. వాటిలో 94 చెక్కడపు పనితో అలంకరించినవి. ఇప్పుడు కనిపించే ఈ కట్టడాలు సుమారు రెండు వేల ఏళ్ల క్రితంనాటి నబాతీయులవని పురాతత్వవేత్తలు చెబుతారు. అంతకు ఎంతో పూర్వమే సమూద్ జాతి ఈ ప్రాంతంలో జీవించింది. వారి వద్దకు హజ్రత్ సాలిహ్ (అలైహిస్సలాం) ప్రవక్తగా వచ్చారు. కొండలను తొలిచి ఇండ్లు కట్టుకొని, ఇక మాకేమీ కాదని వారు నిశ్చింతగా ఉన్నారు. దైవశిక్ష వచ్చిపడిన ఉదయం ఆ రాళ్లు వారిని కాపాడలేకపోయాయి.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్‌కు వెళ్తూ దైవప్రవక్త (స) ఈ దారిన సాగారు. దౌర్జన్యపరుల నివాసాలలోకి ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని సహాబాలను వారించారు. తల కప్పుకొని, వాహనాన్ని వేగంగా నడిపి ఆ లోయను దాటారు. అక్కడి బావుల నీళ్లతో కలిపిన పిండిని ఒంటెలకు వేయించారు. దైవసూచనగా వచ్చిన ఆడ ఒంటె నీళ్లు త్రాగిన బావి నుండే నీళ్లు తోడుకోమన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ సంఘటన ఉంది. అటువంటి చోట పాటలు పెట్టుకొని, కేరింతలు కొడుతూ సెల్ఫీలు తీసుకోవడం విశ్వాసికి తగునా?

వాగు వచ్చే వేళ

సోదరులారా! ఇప్పుడు చెప్పేది ప్రాణానికి సంబంధించిన విషయం.

వాదీ అంటే మన ఎండిన వాగు వంటిదే. ఏడాదిలో చాలాకాలం పొడిగా, మెత్తని ఇసుకతో గుడారానికి అనువుగా కనిపిస్తుంది. కానీ అది నీటి దారి. ఎక్కడో దూరాన కొండల మీద వాన కురుస్తుంది. బోడిరాయి ఆ నీటిని పీల్చుకోదు. నీరంతా ఇరుకు లోయలోకి దూసుకొస్తుంది. మన తలపై ఆకాశం నిర్మలంగానే ఉంటుంది! రెండడుగుల లోతు ప్రవాహం చాలు, పెద్ద జీపును సైతం కొట్టుకుపోవడానికి. ప్రతి లోయ తన తాహతు మేరకు ప్రవహించడం, వరద నురుగును మోసుకురావడం అర్రఅద్ సూరాలో సత్యాసత్యాలకు ఉపమానంగా వచ్చింది.

2018 అక్టోబరులో జోర్డాన్‌లోని మృత సముద్ర ప్రాంతంలో విహారయాత్రకు వెళ్లిన బడిపిల్లలను ఇలాంటి వరదే ముంచెత్తింది. ఆ వరదల్లో 21 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలే. యు.ఎ.ఇ.లో 2023 నుండి వరద వస్తున్న వాదీలోకి వాహనం దింపితే 2,000 దిర్హములు జరిమానా, 60 రోజులపాటు వాహనం జప్తు. ప్రమాద తీవ్రతను గుర్తించే అంత కఠినంగా చట్టం చేశారు.

"అల్లాహ్ రాసింది జరుగుతుంది, పదండి" అనే వారుంటారు. ఇది తవక్కుల్ కాదు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్‌కు వెళ్తుండగా అక్కడ ప్లేగు ప్రబలిందని తెలిసింది. ఆయన వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఔను, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళ్తున్నామని ఆయన జవాబిచ్చారు. పైగా లోయనే ఉదాహరణగా చూపారు: ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధివ్రాత ప్రకారమే కదా! తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వినిపించిన దైవప్రవక్త (స) ఆదేశం కూడా ఆ నిర్ణయాన్నే బలపరిచింది.

కనుక వాన సూచన ఉంటే యాత్ర మానుకోండి. గుడారం వాగు నడుమ కాక ఎత్తయిన చోట వేయండి. నీరు హఠాత్తుగా బురదరంగుకు మారినా, పైనుండి హోరు వినిపించినా సామాను, జీపు వదిలేసి గట్టెక్కండి. జీపు పోతే మళ్లీ వస్తుంది. నీ కోసం కరీంనగర్‌లోనో, కడపలోనో ఎదురుచూసే అమ్మకు, భార్యాపిల్లలకు నీవు మళ్లీ రావు. నీ ప్రాణం అల్లాహ్ నీకిచ్చిన అమానత్.

బస, తోడు, నిప్పు

ప్రయాణంలో ముగ్గురున్నా ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. అమీరు "ఇక వెనక్కు తిరుగుదాం" అంటే వాదించకండి. సహాబాలు ప్రయాణంలో ఎక్కడైనా దిగితే లోయల్లోకి, కనుమల్లోకి తలో దిక్కున చెదిరిపోయేవారు. ఇలా చెదరడం షైతాను పని అని ఆయన (స) హెచ్చరించారు. ఆ తర్వాత వారు ఒకే వస్త్రం కప్పితే అందరికీ సరిపోయేంత దగ్గరగా బస చేసేవారని అబూ దావూద్‌లో ఉంది. ఫోను సిగ్నలు అందని లోయలో ఒంటరిగా తిరిగేవారికి ఇంతకంటే మంచి సలహా లేదు.

నిద్రపోయే ముందు నిప్పు ఆర్పమన్నది కూడా ఆయన (స) ఆదేశమే. చలికి తట్టుకోలేక మూసిన గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకుంటే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నీటి చెలమలను, నీడను, దారిని మలమూత్రాలతో పాడుచేయరాదు. ప్లాస్టిక్ సంచులు వదిలిరాకండి. వాటిని తిని ఒంటెలు చనిపోతున్నాయి.

నమాజు మాటేమిటి?

హనఫీ ఫిఖ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు, అంతకుమించి వెళ్లాలని బయలుదేరినవారు జుహర్, అసర్, ఇషా నమాజుల ఫర్జ్‌ను రెండేసి రకాతులు చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. అంతకంటే దగ్గరి చోటికైతే పూర్తి నమాజే. నీరు దొరకకపోయినా, ఉన్న నీరు త్రాగడానికే చాలకపోయినా తయమ్ముమ్ చేయవచ్చు. ఊట పారే లోయలో చలికి బద్ధకించి తయమ్ముమ్ చేస్తే చెల్లదు. సెలవు శుక్రవారం నాడైతే జుమా ముగించుకొని బయలుదేరడం మేలు. జుమా వేళ ప్రవేశించాక నమాజు చేయకుండా ఊరు విడవడం తగదు.

ఫజ్ర్‌కు లేపే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఖైబర్ నుండి తిరిగి వస్తూ దైవప్రవక్త (స) హజ్రత్ బిలాల్ (రజి)ను కాపలా ఉంచారు. ఆయనకూ నిద్ర పట్టింది. ఎండ తగిలాకే అందరూ మేల్కొన్నారు. అప్పుడు ఆ చోటు విడిచి కొంత ముందుకు సాగి, జమాఅత్‌తో ఆ నమాజు చేశారు. పొరపాటున తప్పితే ఏం చేయాలో ఇందులో ఉంది. అర్ధరాత్రి దాటేదాకా కబుర్లతో గడిపి, కావాలని పోగొట్టుకునేవారికి ఇందులో సాకు లేదు.

నిర్జన ప్రదేశంలోనూ గొంతెత్తి అజాన్ ఇవ్వండి. ఆ స్వరం వినే జిన్నాతులు, మనుషులు, ప్రతి వస్తువూ ప్రళయదినాన సాక్ష్యమిస్తాయని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలిపారు. సహాబాలు ఎత్తు ఎక్కేటప్పుడు తక్బీర్, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలికేవారు. మీరూ అలాగే ఎక్కండి, అలాగే దిగండి. మీ అడుగులు పడిన రాళ్లు రేపు మీ పక్షాన సాక్ష్యం చెప్పాలి.

అల్లాహ్ మనకు చూసే కళ్లతోపాటు గ్రహించే హృదయాలను ప్రసాదించుగాక! ప్రయాణంలో ఉన్న సోదరులందరినీ క్షేమంగా వారి ఇండ్లకు చేర్చుగాక! ఆమీన్.