తల్లి యిచ్చు తొలి పనిముట్టు

తల్లి బిడ్డకు అన్నము పెట్టును, మాట నేర్పును, మంచిచెడ్డలు తెలుపును. ఈ మూడింటిని గురించి పెద్దలు విస్తారముగా చెప్పియున్నారు. నాల్గవది యొకటి కలదు. బిడ్డ తన చేతులతో ఏదైనను చేయబూనినపుడు ఆ చేతులను ఆపకుండుట. చూచుటకు చిన్న విషయమే. కాని ఇందొక ధర్మప్రశ్న ఇమిడియున్నది: ఫలము తెలియని పనికి తల్లి యేల తోడ్పడవలెను?

అమెరికా దేశమున సుసాన్ రైట్ అను గృహిణి యుండెను. ఆమె 1831లో జన్మించెను. తండ్రి బండ్లు చేయువాడు. బాల్యమున ఆయన పనిశాలలో తిరుగుచు ఆమె పనిముట్లు పట్టుట నేర్చెను. ఆ కాలమున స్త్రీలకు అరుదైన కళాశాల విద్యను సైతము పొందెను. భర్త మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు. గ్రంథపఠనమున దిట్ట యైనను మేకు కొట్టుట చేతకానివాడని చెప్పుదురు. ఇంట వస్తువు విరిగినచో బాగుచేయునది ఆమెయే. పిల్లలకు బొమ్మలు చేసెను. మంచుమీద జారు బండిని చేసి యిచ్చెను. యంత్రవిషయమున సందేహము కలిగినచో కుమారులు తల్లినే అడిగెడివారు.

ఆ కుటుంబము నెరిగినవారు చెప్పిన విషయ మొకటి స్మరణీయము. పిల్లలు చేయుచు విడిచిన చిన్న ముక్కనైనను ఆమె పారవేసెడిది కాదు. కాలికి అడ్డమైన దానిని తీసి వంటింటి అలమరలో పెట్టెడిది. పెద్దల కంటికి అది చెత్త. బిడ్డ కంటికి రేపటి పని. సగము చేసిన వస్తువును గౌరవించుట యనగా, దానిని చేయుచున్న బుద్ధిని గౌరవించుటయే.

1889 జులై 4న ఆమె క్షయవ్యాధితో మరణించెను. ఆమె కుమారులు విల్బర్, ఆర్విల్ తొలి విమానము నెగురవేసినది 1903 డిసెంబరు 17న. మొదటిసారి అది గాలిలో నిలిచినది 12 సెకన్లు. సాగినది 120 అడుగులు. 14 ఏండ్లకు పూర్వమే కన్నుమూసిన తల్లి ఆ 12 సెకన్లను చూడలేదు.

ఇచట కొందరు ఇట్లనవచ్చును: "అట్టి కుమారులగుదురని తెలిసినచో ఏ తల్లియైనను ప్రోత్సహించును. మా పిల్లవాడు గడియారము విప్పినచో గడియారము పోవుటయే గాని లాభమేమి?" ఈ ఆక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. పేదయింట మేకునకును వెల కలదు. పరీక్షల కాలమున గంటకును వెల కలదు.

సమాధానము ఆ యింటనే కలదు. సుసాన్ పెంచిన బిడ్డలు ఇద్దరు కారు, ఐదుగురు. తక్కిన మువ్వురు విమానములు చేయలేదు. కుమార్తె కాథరిన్ 1898లో కళాశాల విద్య ముగించి, లాటిన్ భాష బోధించు ఉపాధ్యాయిని యయ్యెను. ఆ మువ్వురి యెడ తల్లి శ్రమ వ్యర్థమైనదందుమా? తన చేతితో చేసినవాడు వస్తువు వెనుక నున్న శ్రమ నెరుగును. వడ్రంగిని, కమ్మరిని, నేతగానిని తక్కువగా చూడజాలడు. వానికి ఓర్పు, విరిగినదానిని మరల చేయు ధైర్యము అలవడును. ఇవి విమానము లేకున్నను నిలుచు ఫలములు.

కాయకమును పూజగా నెంచు మనకు ఈ మాట క్రొత్త కాదు. కాని సభలో కాయకమును పొగడి, ఇంట బిడ్డ చేతిలోని సుత్తిని లాగికొనుట తగునా?

హద్దులు మాత్రము ఉండవలెను. పదునైన కత్తి పసిచేతికి ఈయరాదు. పొరుగువారి వస్తువు విప్పరాదు. విప్పినదానిని మరల కూర్చు బాధ్యత విప్పినవానిదే. ఈ మూడును నేర్పినచో స్వేచ్ఛ విచ్చలవిడితనము కాజాలదు.

మన తల్లులలో సుత్తి పట్టినవారు తక్కువ కావచ్చును. అయినను పాతగుడ్డతో బొమ్మ కుట్టియిచ్చిన తల్లి, జొన్నబెండ్లతో బండి కట్టుచున్న పిల్లవానిని చూచి "లోపల వెలుగు చాలదు నాయనా, వాకిట కూర్చొని కట్టుకో" అన్న తల్లి, ఆ కోవలోనివారే. వారి పేర్లు ఏ చరిత్రలోను లేవు. వారి ఋణము తీర్చుట యెట్లు? పటమునకు పూలదండ వేయుట యొక రీతి. నేడు మన యింట ఏదో కట్టుచున్న బిడ్డ విడిచిన ముక్కలను ఊడ్చివేయక, వానికి ఒక అలమర చూపుట మరియొక రీతి. రెండవది కొంత కష్టము; కాని అట్టి తల్లుల స్మరణకు తగినది అదియే.