చేతలలో విశ్వాసము

క్రొత్త నిబంధనలో యాకోబు వ్రాసిన పత్రిక మిక్కిలి చిన్నది, ఐదే అధ్యాయములు. దైవస్వరూపమును గూర్చిన చర్చ అందు స్వల్పము. సభకు వచ్చిన పేదవానిని ఎక్కడ కూర్చుండబెట్టితిరి, కూలివానికి కూలి ఇచ్చితిరా, నాలుకను అదుపులో నుంచుకొంటిరా అను ప్రశ్నలే హెచ్చు. విశ్వాసమాత్రమున ముక్తి యని బోధించిన మార్టిన్ లూథరుకు 1522లో ఈ పత్రిక అంతగా రుచింపలేదు. అయినను విశ్వాసి బ్రతుకును పరీక్షించుటకు ఇంతకంటె సూటియైన గీటురాయి దొరకుట అరుదు.

బంగారు ఉంగరము ధరించినవాడొకడు, మాసిన బట్టలవాడొకడు ఒకే మందిరమున ప్రవేశింతురు. మొదటివానికి మంచి ఆసనము. రెండవవానికి నిలుచుండుటకు చోటు, లేదా పాదపీఠము చెంత నేల. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. అయినను యాకోబు దీనిని స్వల్పదోషముగా విడిచిపెట్టడు. ఆజ్ఞలన్నియు పాటించి ఒక్కదానియందు తప్పినవాడు అన్నిటియందును అపరాధియే యన్న కఠినవాక్యమును ఈ సందర్భముననే పలుకును.

ఈ రెండు ఆసనముల పద్ధతి రైలులోకమునకు క్రొత్త కాదు. 1891లో నాగపురము–ఆసన్సోలు మార్గము పూర్తియైన పిమ్మట పెరిగిన బిలాస్‌పూరు నిండు రైల్వేపట్టణము. ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు అది స్వగ్రామము వంటిదే. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. అచ్చట పెట్టెలకు తరగతులు, విశ్రాంతిగదులకు తరగతులు, నివాసములకును తరగతులే. మూడవ తరగతి యను పేరు 1974లో పోయినది. మనుజుని చూపులోని తరగతి పోయినదా యన్నది వేరు మాట.

రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకి’ యను కావ్యకథ కలదు. ఫాంకి యనగా వంచన. ఇరువది మూడేండ్ల బిను జబ్బుపడి, గాలిమార్పునకై భర్తతో పోవుచు, బిలాస్‌పూరు స్టేషనులో బండి మారవలసి వచ్చినది. ఆరు గంటల నిరీక్షణ. ఆ గదిని ఊడ్చు రుక్మిణి యను కూలివాని భార్య తన కుమార్తె పెండ్లికి నగలు చేయింపలేక దుఃఖించుచుండగా, ఆమెకు 25 రూపాయలు ఇమ్మని బిను భర్తను కోరినది. అతడు సరే యనెను. పిదప రుక్మిణిని చాటునకు పిలిచి, ఉద్యోగము ఊడగొట్టింతునని బెదరించి, రెండు రూపాయలు చేత బెట్టి పంపివేసెను. బిను నమ్మినది, రెండు నెలలలో, కృతజ్ఞతతోనే, కన్ను మూసినది.

ఈ కథలో క్రైస్తవ ప్రసక్తియే లేదు. అయినను యాకోబు పత్రికకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము వెదకనక్కరలేదు. ఒకే ఊటనుండి తీపినీరును చేదునీరును వచ్చునా యని అతడు నాలుకను గూర్చి అడుగును. భార్య యెదుట తీయనైన నోరే ఊడ్చుదాని యెదుట విషమైనది. పక్షపాతము చేతికంటె ముందు నాలుకపై పుట్టును. రుక్మిణి ఎవరితోను మొరపెట్టుకొనజాలదని అతనికి తెలియును. ఆ తెలివియే అతని ధైర్యము.

దీనికి మారుపక్షము కూడ ఆ ప్రాంతముననే కలదు. బిలాస్‌పూరునకు తూర్పున, అదే రైలుమార్గముపైనున్న చాంపాలో, 20వ శతాబ్ది తొలి యేండ్లలో పి. ఎ. పెన్నర్ యను మెన్నొనైటు మిషనరీ కుష్ఠరోగులకు ఆశ్రయము నెలకొల్పెను. ఆ రోగమునకు నికరమైన మందులు 1940 దశకమున గాని రాలేదు. ఆకలిగొన్నవానిని, బట్టలేనివానిని చూచి ‘సుఖముగా పోయి రమ్ము’ అని దీవించి పంపువాని విశ్వాసము నిర్జీవమని యాకోబు తీర్పు. నయము చేయలేని రోగిని దీవించి పంపుట మరియు సులభము. కూడు పెట్టి, పుండు కడిగి, ఏండ్ల తరబడి దగ్గర నుంచుకొనుట అట్లు కాదు.

క్రియలచే విశ్వాసము రుజువైనదనుటకు యాకోబు ఇద్దరిని పేర్కొనును: ఒకరు పితామహుడైన అబ్రాహాము, రెండవది రాహాబను వేశ్య. ఇద్దరికిని ఒకే ఆసనము. పక్షపాతము కూడదని చెప్పి ఊరకుండక, తన వ్రాతలోనే దానిని పాటించినాడు.

కడపటి అధ్యాయమున, కోతకూలీలకు ఎగవేసిన కూలి తానే మొరపెట్టుచున్నదని వ్రాయును. ఠాకూరు కథలోని భర్త ఆ మొర ఆలస్యముగా వినెను. మిగిలిన సొమ్ముతో బిలాస్‌పూరునకు తిరిగి వచ్చి రుక్మిణికై వెదకెను. ఆమె భర్తతో ఎచ్చటికో వెడలిపోయినది. పుచ్చుకొనువారు లేని 23 రూపాయలు అతని చేతనే మిగిలినవి.